కొత్త బ్రాడ్వే నాటకాలకు టీకేటీఎస్ టికెట్టు: ఎప్పుడు లాభం, ఎప్పుడు దండగ

న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో 47వ వీధి దగ్గర 27 ఎర్రగాజు మెట్లు ఉంటాయి. వాటిమీద కూర్చుని ఫొటోలు దిగేవాళ్లే ఎక్కువ. అసలు వ్యవహారమంతా మెట్ల కింద నడుస్తుంది. అక్కడ ఉన్న టీకేటీఎస్ కిటికీల్లో ఆ రోజు బ్రాడ్వేలో, అంటే న్యూయార్క్ పెద్ద థియేటర్లలో, ఆడబోయే నాటకాలకు, పాటలూ నృత్యాలతో నడిచే మ్యూజికల్స్‌కి అమ్ముడుపోని సీట్లను 20 నుంచి 50 శాతం దాకా తగ్గించి ఇస్తారు. 1973 జూన్‌లో మొదలైన ఈ కౌంటర్‌ని నడిపేది టీడీఎఫ్ అనే లాభాపేక్ష లేని సంస్థ. ఇప్పుడున్న మెట్లు, కిటికీలు 2008లో కట్టినవి.

తీర్పు ముందే చెప్పేస్తే: పేరుమోసిన షో కోసం వెళ్తే టీకేటీఎస్ దగ్గర నిరాశే మిగులుతుంది. ఇంకా పేరు రాని కొత్త నాటకం చూద్దామని వెళ్తే మాత్రం దీన్ని మించింది లేదు.

ఎందుకో అర్థం కావాలంటే సరుకు ఎలాంటిదో చూడాలి. తెర లేచాక ఖాళీ సీటుకి విలువ సున్నా. దాన్ని రేపటికి దాచుకోలేరు. పొద్దుపోయాక పూలమ్మి మూర ధర తగ్గించినట్టే, నిర్మాతలూ సాయంత్రానికి మిగిలేలా ఉన్న సీట్లను ఇక్కడికి పంపుతారు. హాలు నిండే షోకి ఆ అవసరం లేదు కాబట్టి హామిల్టన్ లాంటివి బోర్డు మీద కనబడటం అరుదు. కనబడేవి రెండు రకాలు. ఒకటి, ఏళ్ల తరబడి ఆడుతూ రోజూ కొన్ని సీట్లు మిగిలే పాత షోలు. 1996 నుంచి ఆడుతున్న షికాగో ఇందుకు ఉదాహరణ. రెండోది, ఇప్పుడిప్పుడే మొదలై జనానికింకా తెలియని కొత్తవి. ఈ రెండో రకం కోసమే క్యూలో నిలబడాలి.

2024 శరత్తులో బెలాస్కో థియేటర్‌కి వచ్చిన మేబీ హ్యాపీ ఎండింగ్ సంగతే తీసుకోండి. సియోల్‌లో, యజమానులు వదిలేసిన రెండు రోబోల కథ. నటులు నలుగురే. ఇంటర్వెల్ లేకుండా గంటా నలభై నిమిషాల చిల్లర. పెద్ద తార ఆకర్షణ గానీ, అందరికీ తెలిసిన సినిమా పేరు గానీ లేక, అధికారిక ప్రారంభానికి ముందు ఆడే ప్రివ్యూల్లో సీట్లు బాగా మిగిలిపోయాయి. నవంబర్ 12న అధికారికంగా మొదలై, సమీక్షలు బాగా వచ్చి, చూసినవాళ్లు నలుగురికీ చెప్పాక పరిస్థితి తిరగబడింది. 2025 జూన్‌లో ఉత్తమ మ్యూజికల్‌తో కలిపి బ్రాడ్వే అవార్డులైన టోనీలు 6 గెలిచింది. నవంబర్‌లో సీట్లు మిగిలిపోయిన షోకి జూన్‌లో పూర్తి ధర పెట్టినా మంచి సీటు దొరకడం కష్టం. ఆ మధ్య ఉన్న కాలమే ప్రేక్షకుడి కాలం.

దీనికి ఎదురుగా ఉన్న ఉదాహరణ డెడ్ అవుట్‌లా. 2025 ఏప్రిల్ 27న లాంగేకర్ థియేటర్‌లో మొదలైంది. 7 టోనీ నామినేషన్లు వచ్చాయి, ఒక్కటీ గెలవలేదు. జూన్ 29న మూసేశారు. రియల్ విమెన్ హావ్ కర్వ్స్ కూడా అదే రోజు మొదలై అదే రోజు మూతపడింది. రెండు నెలల ఆయుష్షు. 'తర్వాత చూద్దాంలే' అనుకున్నవాళ్లకి తర్వాత అనేది లేకుండా పోయింది. కొత్త మ్యూజికల్ బావుందని విన్న వారంలోనే వెళ్లాలి. టోనీ ప్రకటన అయిన మర్నాడే మూసివేత తేదీలు చెప్పే షోలు ప్రతి ఏడాదీ ఉంటాయి.

సినిమా తారలు పరిమిత కాలానికి వచ్చి ఆడే నాటకాలది వేరే లోకం. 2025 వసంతంలో డెంజెల్ వాషింగ్టన్, జేక్ గిలెన్‌హాల్ నటించిన ఒథెల్లోకి వేదిక ఎదుటి నేల సీట్లు 921 డాలర్ల దాకా పలికాయి. జార్జ్ క్లూనీ ఆడిన గుడ్ నైట్ అండ్ గుడ్ లక్ ఒక వారంలో 40 లక్షల డాలర్లు దాటి వసూలు చేసిన మొదటి నాటకం. ఇలాంటివాటి కోసం టీకేటీఎస్ క్యూలో నిలబడటం దింపుడు కళ్లం ఆశే.

ఇక క్యాలెండర్. టోనీలకు అర్హత గడువు ఏప్రిల్ చివర్లో ముగుస్తుంది కాబట్టి మార్చి, ఏప్రిల్ నెలల్లో కొత్తవన్నీ ఒకదాని మీదొకటి వచ్చిపడతాయి. వాటి మధ్య పోటీలో అందరికీ సీట్లు మిగులుతాయి. కొత్తవి చూడటానికి అన్నిటికన్నా మంచి వారాలివే. అక్టోబర్, నవంబర్ రెండో పంట. క్రిస్మస్‌కీ కొత్త సంవత్సరానికీ మధ్య వారం మాత్రం వెళ్లకండి. ఏడాదంతటిలో ధరలు అప్పుడే ఎక్కువ, తగ్గింపులు తక్కువ, క్యూ పెద్దది. అది దాటగానే జనవరి, ఫిబ్రవరిలో గిరాకీ పడిపోతుంది. అప్పుడూ, మళ్లీ సెప్టెంబర్‌లోనూ నగర పర్యాటక సంస్థ బ్రాడ్వే వీక్ పేరుతో ఒక టికెట్టు ధరకి రెండు ఇస్తుంది. అయితే జనవరి మొదటి వారాల్లో చాలా షోలు మూతపడతాయి కాబట్టి ఎంచుకోవడానికి తక్కువ ఉంటాయి.

కౌంటర్ దగ్గర పని ఇలా సాగుతుంది. మ్యాట్నీలు ఉన్న రోజుల్లో ఉదయం 11కే తెరుస్తారు, లేని రోజుల్లో మధ్యాహ్నం 3కి. వేళలు సీజన్‌ని బట్టి మారుస్తుంటారు కాబట్టి టీడీఎఫ్ సైట్లో ఆ వారం వేళలు చూసుకోవాలి. ఏ క్షణాన ఏ షో ఏ ధరకి అమ్ముతున్నారో కూడా వాళ్ల సైట్లోనూ యాప్‌లోనూ కనబడుతుంది. హోటల్లోంచే, రైల్లోంచే చూసుకుని కదలొచ్చు. ఆన్‌లైన్లో మాత్రం కొనలేరు. కిటికీ దగ్గరికి రావలసిందే.

క్యూలు రెండు. పెద్దది అన్నిటికీ. చిన్నది నాటకాలకు మాత్రమే, పాటలు లేనివాటికి. ఈ రెండో క్యూ సంగతి చాలామందికి తెలియదు. పెద్ద క్యూ మెలికలు తిరిగి ఉన్న శనివారం మధ్యాహ్నం కూడా ఇందులో నలుగురైదుగురే కనిపిస్తారు. టీకేటీఎస్ చేసే సేవల్లో అతి విలువైనది ఇదేనని చెప్పాలి. మ్యూజికల్ కోసం వచ్చి బోర్డులో మంచి కొత్త నాటకం కనబడితే, క్యూ మారడానికి వెనకాడవద్దు.

బోర్డు మీద షో పేరు, వేళ, తగ్గింపు శాతం ఉంటాయి. శాతం చూసి మోసపోవద్దు. 50 శాతం తగ్గింపు ఉన్న పెద్ద మ్యూజికల్ కన్నా 30 శాతం తగ్గింపు ఉన్న చిన్న నాటకం చవగ్గా పడొచ్చు. 180 డాలర్ల సీటుకి సగం 90. 110 డాలర్ల సీటుకి 30 శాతం పోతే 77. పైగా ప్రతి టికెట్టుకీ కొన్ని డాలర్ల సేవా రుసుము కలుస్తుంది. అది టీడీఎఫ్ చేసే పనులకు వెళ్తుంది. నగదు, కార్డు రెండూ తీసుకుంటారు.

క్యూ వెంబడి తిరిగే టీడీఎఫ్ మనుషులు షోలన్నీ చూసినవాళ్లు. 'పిల్లలతో వచ్చాం', 'ఇంగ్లిష్ వేగంగా మాట్లాడితే అమ్మకి అందదు', 'రాత్రి తొమ్మిదిన్నరకల్లా బయటపడాలి' అని చెబితే సరైన షో చెబుతారు. వాళ్లకి అమ్మాల్సిన షో అంటూ ఏదీ లేదు, అందుకే ఆ మాట నమ్మొచ్చు. అదే చుట్టుపక్కల ఎవరైనా దగ్గరికొచ్చి 'ఇక్కడ అయిపోయాయి, మా దగ్గరున్నాయి' అంటే పక్కకి తప్పుకోండి. కామెడీ క్లబ్బుల టికెట్లు అంటగట్టేవాళ్లు ఆ చౌరస్తా నిండా ఉంటారు.

కిటికీ దగ్గర మూడు ఎంపికలు సిద్ధంగా ఉండాలి. క్యూలో ఉండగానే మొదటిది బోర్డు మీంచి మాయమైపోవచ్చు. సీటు మీరు ఎంచుకునేది కాదు. ఆ క్షణానికి వాళ్ల దగ్గరున్నవాటిలో మెరుగైనది ఇస్తారు. కానీ డబ్బిచ్చేముందు అడిగే హక్కు మీకుంది: నేల సీటా, పై అంతస్తు మెజనీనా? మధ్యలోనా, పక్కకా? వేదికలో కొంత భాగం కనబడని సీటా? నలుగురికి పక్కపక్కనే ఉన్నాయా? కొన్నాక మార్పిడి లేదు, తిరిగి డబ్బు ఇవ్వరు. షోయే రద్దయితే తప్ప.

తెరవగానే వెళ్తే మంచిదా, ఆలస్యంగా వెళ్తే మంచిదా అన్నదానికి జవాబు ఎంతమంది వస్తున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. థియేటర్లు రోజంతా విడతలు విడతలుగా సీట్లు వదులుతాయి. నిర్మాతల అతిథుల కోసం అట్టిపెట్టిన మంచి సీట్లు చివరి గంటలో బయటికి వస్తాయి. ఒక్కరో ఇద్దరో అయితే షోకి గంట ముందు వెళ్లడం తెలివి. క్యూ కూడా అప్పటికి కరిగిపోయి ఉంటుంది. నలుగురి కుటుంబం అయితే తెరిచే వేళకే ఉండాలి, లేదంటే ఇద్దరిద్దరుగా విడిపోయి కూర్చోవాల్సి వస్తుంది. వాన పడే మంగళవారం రాత్రి ఒంటరిగా వచ్చినవాడికి బ్రాడ్వేలో దొరికే సీటు, వారాంతంలో కుటుంబంతో వచ్చినవాడికి రెట్టింపు డబ్బు పోసినా దొరకదు.

ఇక సీటు సంగతి. ఇక్కడే ఎక్కువమంది నష్టపోతారు. బ్రాడ్వే అనేది ఒక లెక్క: 500 సీట్లు, అంతకు మించి ఉన్న 41 థియేటర్లు. వాటిలో 600 సీట్లు కూడా లేని హేయస్ ఉంది, 1,900 దాటిన గెర్ష్విన్ ఉంది. రెంటిలోనూ 'వెనక వరస' అన్న మాటకి అర్థం ఒకటి కాదు. హేయస్, బూత్, గోల్డెన్, ఫ్రీడ్‌మన్ లాంటి చిన్న హాళ్లలో టీకేటీఎస్ ఏ సీటిచ్చినా కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. నటుడి కనుబొమ్మ కదలిక చివరి వరసకీ అందుతుంది. 2025లో పులిట్జర్, టోనీ రెండూ గెలిచిన పర్పస్ నాటకం ఆడింది హేయస్‌లోనే. భోజనాల బల్ల చుట్టూ కుటుంబం కొట్టుకునే ఆ నాటకాన్ని పెద్ద హాల్లో వేసి ఉంటే సగం చచ్చిపోయేది. సర్కిల్ ఇన్ ది స్క్వేర్‌లో ప్రేక్షకులు వేదిక చుట్టూ కూర్చుంటారు కాబట్టి అక్కడ దూరం అనే సమస్యే లేదు.

పెద్ద హాళ్లలో రెండు చిక్కు చోట్లున్నాయి. మొదటిది నేల మీద వెనక భాగం. మెజనీ అంచు తల మీదికి వచ్చేసి వేదిక పైభాగాన్ని కోసేస్తుంది. సెట్టులోని బాల్కనీలో పాట పాడే దృశ్యం ఉంటే కాళ్లు మాత్రమే కనబడతాయి. రెండోది పక్క చివరలు. వేదిక లోతు కనబడదు. నేల సీట్లకి వాడే 'ఆర్కెస్ట్రా' అనే మాటకి మోజుపడి ఇవి తీసుకునేవాళ్లు చాలామంది. అదే ధరకి మెజనీ ముందు వరసలు దొరికితే మ్యూజికల్‌కి అవే మేలు. బృంద నృత్యం, వెలుతురు గీసే ఆకారాలు, నేల మీది కదలికలు పైనుంచే పూర్తిగా అందుతాయి.

షోని బట్టి ఇది మారుతుంది. మేబీ హ్యాపీ ఎండింగ్‌లో వెలుగు చట్రాలు కన్ను తెరిచినట్టు విచ్చుకుంటాయి, మూసుకుంటాయి. గదులు వాటి వెనక జారుతూ వస్తాయి. దానికి మధ్య సీటే కావాలి, పక్కన కూర్చుంటే మంత్రం సగం పోతుంది. 2024లో ఉత్తమ మ్యూజికల్ టోనీ గెలిచిన ది అవుట్‌సైడర్స్‌లో వేదికంతా రబ్బరు రజను పరిచి ఉంటుంది. వానలో జరిగే ముఠా కొట్లాట ఆ మట్టిలోనే. దాన్ని మెజనీ ముందు వరసల నుంచి చూడాలి. ఓ, మేరీ! సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. 80 నిమిషాల ఆ హాస్య నాటకమంతా ముఖాల మీద, చూపుల మీద నడుస్తుంది. అది ఆడిన లైసియం 1903లో కట్టిన హాలు, పై బాల్కనీ నిట్టనిలువుగా ఉంటుంది. అక్కణ్నుంచి చూస్తే నవ్వు కింద పుట్టి పైకి చేరేసరికి చల్లారిపోతుంది. అలాంటిదానికి డబ్బు ఇంకొంచెం పోయినా నేల సీటు తీసుకోవాలి.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు ఇంకో లెక్క ఉంది. ఈ హాళ్లలో ఎక్కువ భాగం వందేళ్ల నాటివి. లిఫ్టులు లేవు, మెజనీకి చాలా మెట్లెక్కాలి, వరసల మధ్య కాళ్లు చాపుకోవడానికి జాగా ఉండదు. మెట్లు వద్దంటే కిటికీ దగ్గరే ఆ మాట చెప్పి నేల సీటు అడగండి. మార్క్విస్, మిన్‌స్కాఫ్, గెర్ష్విన్ లాంటి కొత్త హాళ్లలో ఎస్కలేటర్లున్నాయి. ఇంటర్వెల్లో ఆడవాళ్ల మరుగుదొడ్ల దగ్గర క్యూ భయంకరంగా ఉంటుంది. తెర పడుతుండగానే లేవాలి, చప్పట్లు నడకలోనే కొట్టుకోవాలి.

టీకేటీఎస్ కన్నా చవకైన దారులున్నాయి. వాటిని చెప్పకుండా దీన్ని మెచ్చుకోవడం న్యాయం కాదు.

మొదటిది రష్. షో రోజున కొన్ని సీట్లు తక్కువ ధరకి, సాధారణంగా 30 నుంచి 50 డాలర్ల మధ్య, ముందొచ్చినవాళ్లకి ఇస్తారు. ఈ పద్ధతికి ప్రాణం పోసింది 1996లో రెంట్ మ్యూజికల్. నెడర్లాండర్ థియేటర్లో మొదటి రెండు వరసలు 20 డాలర్లకే ఇచ్చింది. ఇప్పుడు కొన్ని షోలు బాక్సాఫీసు, అంటే థియేటర్ సొంత టికెట్ల కౌంటర్, దగ్గరే రష్ నడుపుతాయి. అది సోమవారం నుంచి శనివారం దాకా ఉదయం 10కి, ఆదివారం 12కి తెరుస్తారు. కొన్ని టుడేటిక్స్ యాప్‌లో ఉదయం 9కి విడుదల చేస్తాయి. యాప్ రష్‌లో ఓడిపోవడానికి కారణం ఒక్కటే, 9 గంటలకి కార్డు వివరాలు కొట్టుకుంటూ కూర్చోవడం. ముందు రాత్రే ఖాతా, కార్డు ఎక్కించి పెట్టుకోవాలి. ఒక్కొక్కరికి రెండు టికెట్లు మించి ఇవ్వరు. సీటు మొదటి వరస చివర్లో పడొచ్చు, మెడ పట్టేస్తుంది, నటుల పాదాలు కనబడవు. ఆ ధరకి అది సహించదగ్గదే.

రెండోది లాటరీ. ముందురోజో, వారం ముందో పేరు ఇచ్చి ఎదురుచూడాలి. ఇది ఉచితం కాబట్టి ప్రతిరోజూ అన్నిటికీ పేరివ్వొచ్చు. గెలిస్తే గంటల్లోనే డబ్బు కట్టాలి, లేదంటే వేరేవాళ్లకి వెళ్లిపోతుంది. 10 డాలర్లకి హామిల్టన్ చూసే దారి ఇదొక్కటే. కానీ దీన్ని నమ్ముకుని సాయంకాలం ఖాళీగా ఉంచుకోవద్దు. లాటరీ తగలకపోతే టీకేటీఎస్‌కి వెళ్లడం సరైన వరస.

మూడోది తిన్నగా బాక్సాఫీసు. ఆన్‌లైన్‌లో వేసే రుసుములు అక్కడ ఉండవు, మ్యాపు చూసి సీటు ఎంచుకోవచ్చు, తేదీ ముందే ఖాయం. కొత్త షోలు ప్రివ్యూల కాలంలో ఇచ్చే తగ్గింపు కోడ్‌లను చాలాసార్లు బాక్సాఫీసులోనూ ఒప్పుకుంటారు. ఊరు దాటి వచ్చే కుటుంబానికి, పుట్టినరోజో పెళ్లిరోజో ఉన్నవాళ్లకి టీకేటీఎస్ కన్నా ఇదే మంచిది. సెర్చ్‌లో థియేటర్ పేరు కొడితే పైన వచ్చే ప్రకటనల్ని మాత్రం నమ్మవద్దు. థియేటర్ పేరే పెట్టుకున్న మారు అమ్మకపు సైట్లు అసలు ధరకి రెట్టింపు గుంజుతాయి. షో సొంత సైటుకి వెళ్లి, అక్కడి లింకు నొక్కాలి. షూబర్ట్ సంస్థ హాళ్లయితే అది టెలిఛార్జ్ అనే టికెట్ల సైటుకి తీసుకెళ్తుంది. అన్ని రుసుములూ కలిపిన ధరని మొదటే చూపించాలని న్యూయార్క్ రాష్ట్రం 2022లో చట్టం చేసింది. చివరి పేజీలో ధర పెరిగితే ఆ సైటు వదిలేయండి.

వయసు తక్కువవాళ్లకి ఇంకా చవక. రౌండబౌట్ థియేటర్ 18 నుంచి 40 ఏళ్లవాళ్లకి హిప్‌టిక్స్ పేరుతో, లింకన్ సెంటర్ థియేటర్ 21 నుంచి 35 ఏళ్లవాళ్లకి లింక్‌టిక్స్ పేరుతో తక్కువ ధర టికెట్లు ఇస్తాయి. పేరు నమోదుకి డబ్బక్కర్లేదు. కొత్త నాటకాలు ఎక్కువగా వేసేది ఇలాంటి లాభాపేక్ష లేని సంస్థలే. అక్కడ చదువుకునే మన పిల్లలకి ఈ రెండూ తెలియకపోవడం పెద్ద నష్టం. పూర్తికాల విద్యార్థులు, ఉపాధ్యాయులు, ఉద్యోగ విరమణ చేసినవాళ్లు టీడీఎఫ్ సభ్యత్వానికీ అర్హులు. ఏడాదికి చిన్న రుసుము కడితే టీకేటీఎస్ ధరలకన్నా బాగా తక్కువకి, ముందుగానే, టికెట్లు దొరుకుతాయి. సీటు ఎక్కడన్నది మాత్రం వాళ్లిష్టం.

ప్రివ్యూల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొత్త షోకి టీకేటీఎస్ టికెట్టు కొంటే అది ప్రివ్యూ అయ్యే అవకాశం ఎక్కువ. అధికారిక ప్రారంభానికి ముందు మూడు నాలుగు వారాలు షో ప్రేక్షకుల ముందు ఆడుతూనే మారుతుంది. మధ్యాహ్నం రిహార్సల్‌లో దృశ్యం కొట్టేస్తారు, రాత్రి కొత్తది ఆడతారు. మొదటి వారంలో షో చెప్పిన నిడివి కన్నా పావుగంట ఎక్కువ సాగొచ్చు. సెట్టు ఇరుక్కుంటే స్టేజి మేనేజరు ఆపేసి, సరిచేసి మళ్లీ మొదలెడతాడు. ప్రివ్యూ కదా అని అసలు ధర మాత్రం తగ్గించరు, అదొక్కటే అన్యాయం. ప్రారంభానికి వారం ముందు షోని 'ఫ్రీజ్' చేస్తారు. విమర్శకులు వచ్చేది ఆ తర్వాత. కాబట్టి చివరి వారపు ప్రివ్యూ బంగారం లాంటిది: షో పక్వానికి వచ్చి ఉంటుంది, సమీక్షలింకా రాలేదు కాబట్టి సీట్లూ ఉంటాయి. నాటకం తయారవుతుండగా చూడాలన్న కుతూహలం ఉన్నవాళ్లు మొదటి వారానికి వెళ్లాలి. పాట పొడుగైందా, నవ్వు ఎక్కడ పేలలేదు అన్నవి రచయితలు హాలు వెనక నిలబడి రాసుకుంటారు. మీ నిశ్శబ్దం కూడా వాళ్లకి అవసరమే.

భాష అడ్డం వచ్చేవాళ్లకి గాలాప్రో అనే ఉచిత యాప్ ఉంది. సంభాషణ జరుగుతుండగానే ఫోన్ మీద అక్షరాలు నల్లటి తెరపై వస్తాయి, పక్కవాళ్లకి వెలుగు తగలదు. ఫోన్లో ముందే దించుకుని, హాల్లో వైఫైకి కలపాలి. చిక్కేమిటంటే ఇది సాధారణంగా అధికారిక ప్రారంభం అయిన నాలుగు వారాలకి గానీ రాదు. అంటే ప్రివ్యూలకి పనికిరాదు. యాస అందని పెద్దవాళ్లని తీసుకెళ్తుంటే కొత్త నాటకానికి ఆ నాలుగు వారాలు ఆగండి, లేదా మాట కన్నా పాట, ఆట ఎక్కువున్న మ్యూజికల్‌కి తీసుకెళ్లండి. ఉదాహరణకి స్టీరియోఫోనిక్ గొప్ప నాటకం. 13 నామినేషన్లతో నాటకాల్లో టోనీ రికార్డు దానిదే. కానీ రికార్డింగ్ స్టూడియోలో ఒకరి మాటమీద ఒకరు మాట్లాడుకునే మూడు గంటల పైచిలుకు సంభాషణ అది. ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లకే చెవి రిక్కించి వినాల్సి వచ్చేది.

చాలా హాళ్లు నాలుగేళ్లలోపు పిల్లల్ని రానివ్వవు. ఒళ్లో కూర్చోబెట్టుకుంటాం అన్నా వీల్లేదు, ఎంత చిన్నవాళ్లకైనా టికెట్టు ఉండాలి. తలుపులు అరగంట ముందు తెరుస్తారు. ఆలస్యమైతే తగిన విరామం దాకా లోపలికి పంపరు, ఇంటర్వెల్ లేని 80 నిమిషాల షోకి అది పెద్ద శిక్షే. సూట్‌కేసులు అనుమతించరు, దాచిపెట్టే చోటూ ఉండదు. విమానాశ్రయం నుంచి తిన్నగా వచ్చేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. వేళలు కూడా మారిపోయాయి: రాత్రి 8 అనుకుని వెళ్తే చాలా షోలు మంగళ, బుధ, గురువారాల్లో 7కే మొదలవుతాయి. టికెట్టు మీద వేళ కిటికీ దగ్గరే చదువుకోండి. సోమవారం ఎక్కువ హాళ్లలో ఆట ఉండదు.

హాల్లో ఉచితంగా ఇచ్చే ప్లేబిల్ అనే షో వివరాల పుస్తకంలో చిన్న కాగితం ముక్క ఉంటే, ఆ రోజు ఎవరి బదులు ఎవరు ఆడుతున్నారో అందులో ఉంటుంది. పోస్టర్ మీద షో పేరుకన్నా పైన పేరున్న నటుడు రాకపోతేనే డబ్బు వెనక్కి అడగొచ్చు, అదీ తెర లేవకముందే. మిగతా పాత్రలకి అది వర్తించదు. అయితే బదులు వచ్చినవాళ్లు తక్కువవాళ్లని అనుకోవద్దు. అందరి పాత్రలూ కంఠతా పట్టి, ఏ రాత్రికి ఏది పిలిస్తే అది ఆడే స్వింగ్ నటుల పనితనం చూడటానికి అదే అవకాశం.

ఒక నాటకం నచ్చి మర్నాడే ఇంకోటి చూడాలనిపిస్తే పాత టీకేటీఎస్ టికెట్టు పారేయకండి. ఏడు రోజుల్లోపు దాన్ని చూపిస్తే క్యూ లేకుండా మొదటి కిటికీ దగ్గరికి పంపుతారు. వారం రోజులకి వచ్చినవాళ్లు మొదటి రోజు చిన్న క్యూలో ఒక నాటకానికి టికెట్టు తీసుకుంటే, వారాంతానికి పెద్ద క్యూని ఆ ముక్కతోనే దాటేయొచ్చు.